బీపీ నార్మల్‌గానే ఉంది, మరి పేషెంట్ ఎందుకు బాగోలేదు?

జనరల్ వార్డులో కేస్ షీట్లు తిరగేస్తే శ్వాస గడిలో ఒకటే అంకె వరసగా కనిపించడం మామూలే: 20, 20, 18, 20, 20. పక్క గడిలో పల్స్ మాత్రం 84, 92, 104, 116 అని పెరుగుతూ పోతుంటుంది. గుండె అంత వేగం పుంజుకుంటున్న మనిషికి శ్వాస పొద్దుటినుంచీ అక్కడే ఆగిపోవడం చాలా అరుదు. ఆ 20 లెక్కపెట్టి రాసింది కాదు, గడి ఖాళీగా ఉండకూడదని నింపింది.

నర్సింగ్ విద్యార్థులకు వైటల్స్ అంటే టెంపరేచర్, పల్స్, శ్వాస, బీపీ, ఆక్సిజన్ శాతం అని మొదటి ఏడాదిలోనే చెబుతారు. అయితే మనిషి దిగజారుతున్నప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా మారవన్న సంగతి క్లాసులో ఒక వాక్యంగా దాటిపోతుంది. వాటికో వరస ఉంది. ఆ వరసలో శ్వాస ముందుంటుంది, బీపీ దాదాపు చివర ఉంటుంది. వార్డులో మన శ్రద్ధ మాత్రం దీనికి సరిగ్గా ఎదురు. "బీపీ ఎంతుంది సిస్టర్?" అని అడగని డాక్టరుండరు, శ్వాస ఎంతని అడిగేవారు తక్కువ.

రక్తం పోతుంటే లోపల జరిగేది

సుమారు 70 కిలోల మనిషిలో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 15 శాతం, అంటే 750 మిల్లీలీటర్ల వరకూ పోయినా పైకి పెద్దగా ఏమీ తెలియదు. అది దాటాక శరీరం సర్దుబాటు మొదలుపెడుతుంది. గుండె వేగం పెంచుతుంది. చర్మానికి, పేగులకు, కిడ్నీలకు వెళ్లే చిన్న రక్తనాళాలను బిగించి మెదడుకీ గుండెకీ రక్తం తగ్గకుండా చూస్తుంది. అందుకే చేతులు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. నాళాలు బిగుసుకోవడం వల్ల బీపీలో కింది అంకె పెరుగుతుంది. పై అంకె అలాగే ఉంటుంది, లేదా కొద్దిగా తగ్గుతుంది. ఆ రెండింటి మధ్య తేడానే పల్స్ ప్రెషర్ అంటాం, అది ఇరుకవుతుంది. మరోపక్క కణాలకు ఆక్సిజన్ చాలక రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని వదిలించుకోవడానికి ఊపిరి వేగం పెరుగుతుంది. పై అంకె నిజంగా పడిపోయేది దాదాపు 30 శాతం, అంటే లీటరున్నర పోయాకే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పొట్ట ఆపరేషనై వార్డుకొచ్చిన 45 ఏళ్ల మనిషి, బరువు 60 కిలోలు. మధ్యాహ్నం 2 గంటలకు పల్స్ 84, బీపీ 124/76, శ్వాస 16, ఆక్సిజన్ పెట్టకుండా ఎస్‌పీఓ2 (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98. నాలుగింటికి పల్స్ 98, బీపీ 122/84, శ్వాస 22, ఎస్‌పీఓ2 97. ఆరింటికి పల్స్ 116, బీపీ 112/88, శ్వాస 26, ఎస్‌పీఓ2 95. ఆ రెండు గంటల్లో యూరోబ్యాగ్‌లో (మూత్రం చేరే సంచి) చేరింది 35 మిల్లీలీటర్లు.

ఆరింటి బీపీ ఒక్కటే చూస్తే ఎవరికీ కంగారు పుట్టదు. 112 మంచి అంకే. కానీ మూడు బీపీలనూ పక్కపక్కన పెట్టి పై అంకెలోంచి కింది అంకె తీసేయండి: 48, 38, 24. పల్స్‌ను పై అంకెతో భాగించండి: 0.68, 0.80, 1.04. ఈ నిష్పత్తిని షాక్ ఇండెక్స్ అంటారు. ఆరోగ్యవంతుల్లో ఇది 0.5 నుంచి 0.7 మధ్య ఉంటుంది, 1 దాటిందంటే పల్స్ బీపీని మించిపోయిందన్నమాట. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలి, కిలోకు అర మిల్లీలీటరు లెక్కన. ఇతనికి వచ్చింది అందులో సగం పైచిలుకు. బీపీ తప్ప మిగతావన్నీ ఇతను లోపల రక్తం కోల్పోతున్నాడేమో చూడమంటున్నాయి. నాలుగింటికే శ్వాస 22కి చేరడం మొదటి హెచ్చరిక. అక్కడ "20" అని రాసి ఉంటే రెండు గంటలు చేజారినట్టే.

ఈ వరస కొందరిలో సరిగ్గా కనిపించదు. గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవారికి ఎంత రక్తం పోయినా పల్స్ పెద్దగా పెరగదు. పల్స్ 80 ఉందని ధైర్యం తెచ్చుకునే ముందు రోజూ ఏ మందులు వాడుతున్నారో చూడాలి. ఎప్పుడూ 160 ఉండే పెద్దాయనకు 115 అంటే అది తక్కువ బీపీనే. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు, గర్భిణులు చాలాసేపు బీపీని నిలబెట్టుకుని, తర్వాత ఒక్కసారిగా పడిపోతారు.

శ్వాసను నిజంగా లెక్కపెట్టడం

"అమ్మా, మీ ఊపిరి లెక్కపెడతాను" అని చెబితే ఆమె ఊపిరి తీరు మారిపోతుంది. మనం గమనిస్తున్నామని తెలిస్తే ఎవరైనా తెలియకుండానే నెమ్మదిగానో, గాఢంగానో పీలుస్తారు. అందుకే పల్స్ చూశాక చెయ్యి వదలొద్దు. వేళ్లు మణికట్టు మీదే ఉంచి, ఇంకా పల్స్ చూస్తున్నట్టే ఉండి, చూపు ఛాతీ మీదకో పొట్ట మీదకో మార్చండి. దుప్పటి మందంగా ఉంటే ఆ చేతినే పొట్ట మీద ఆనించి పెడితే కదలిక తెలుస్తుంది. పైకి లేచి కిందికి దిగితే ఒకటి.

పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస అటూ ఇటూ అయినా లెక్కలో నాలుగు తేడా వస్తుంది. 20కీ 24కీ మధ్య తేడా ఎంత ముఖ్యమో పైన చూశాం. పైగా మధ్యలో ఊపిరి ఆగి మళ్లీ మొదలయ్యే పేషెంటులో ఆ 15 సెకన్లు ఆగిన భాగంలో పడితే ఒకటి, వేగంగా పీల్చే భాగంలో పడితే మరొకటి వస్తుంది. పెద్దవాళ్లలో 12 నుంచి 20 మామూలు. చిన్నపిల్లల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు వేరు: రెండు నెలల్లోపు పాపకు నిమిషానికి 60 లేదా ఎక్కువ, రెండు నెలలు నిండి ఏడాదిలోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 లేదా ఎక్కువ ఉంటే వేగంగా ఉన్నట్టు. బిడ్డ ఏడుస్తుంటే, పాలు తాగుతుంటే లెక్కపెట్టకండి.

లెక్కతోపాటు తీరు కూడా చూడాలి. మెడ కండరాలు బిగుసుకుంటున్నాయా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలుగుతున్నాడా లేక రెండు మాటలకోసారి ఆగుతున్నాడా? ఇవి కేస్ షీట్‌లో రాయదగ్గ విషయాలే. "ఆయాసంగా ఉంది" అని ముక్తసరిగా రాసేకన్నా "మూడు మాటలకోసారి ఆగుతున్నాడు" అని రాస్తే తర్వాతి డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు పోల్చి చూసుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

తక్కువ శ్వాస కూడా అంతే ప్రమాదం. మార్ఫిన్ లాంటి నొప్పి మందులిచ్చిన పేషెంటులో శ్వాస 8కి దిగితే డాక్టరును వెంటనే పిలవాలి. ఇక్కడ ఎస్‌పీఓ2 మనల్ని బాగా మోసం చేస్తుంది. ఆక్సిజన్ పెట్టి ఉన్నంతసేపూ ఊపిరి మందగించినా శాతం 98 చూపించవచ్చు. కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మనిషి మగతలోకి జారుతున్న సంగతి ఆ వేలి క్లిప్పుకు తెలియదు.

బీపీ అంకె ఎక్కడ చెడుతుంది

చేతికి చుట్టే కఫ్ (గాలి నింపే పట్టీ) సైజుతోనే సగం తప్పులు మొదలవుతాయి. లోపలి రబ్బరు సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. మామూలు పెద్దల కఫ్ 27 నుంచి 34 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. 38 సెంటీమీటర్ల చేతికి అదే కఫ్ బిగిస్తే లేని బీపీ ఉన్నట్టు వస్తుంది. బక్కచిక్కిన చేతికి పెద్ద కఫ్ వేస్తే ఉన్న బీపీ తగ్గి కనిపిస్తుంది. చాలా వార్డుల్లో ఉండేది ఒకటే కఫ్. వేరే సైజు దొరకనప్పుడు కనీసం అదే చేతికి, అదే కఫ్‌తో ప్రతిసారీ చూసి, ఆ విషయం రాసిపెడితే పోల్చడానికైనా పనికొస్తుంది.

చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. మంచం పక్కకు వేలాడుతూ గుండెకన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె 7, 8 పెరుగుతుంది. కూర్చుని ఉంటే వీపుకు ఆనుడు, నేల మీద పాదాలు ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. ఐదు నిమిషాల విశ్రాంతి తర్వాతే చూడాలి, చూసేటప్పుడు మాట్లాడించకూడదు. మూత్రం ఆపుకుని ఉన్నా బీపీ పెరుగుతుంది. డయాలిసిస్ కోసం రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేసిన చేతికి కఫ్ ఎట్టిపరిస్థితుల్లోనూ కట్టకూడదు. రొమ్ము ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసిన వైపు, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కూడా వదిలేయండి.

కఫ్ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండేలా బిగించాక, ముందు స్టెతస్కోప్ లేకుండా మణికట్టు పల్స్ మీద వేళ్లుంచి గాలి కొట్టండి. పల్స్ ఏ అంకె దగ్గర మాయమైందో చూసుకుని గాలి వదిలేయండి. ఒక అరనిమిషం ఆగి, స్టెతస్కోప్ పెట్టి, ఆ అంకెకు 30 పైదాకా కొట్టండి. తొందరలో వదిలేసేది ఈ మెట్టునే. బీపీ ఎక్కువగా ఉన్న కొందరిలో శబ్దాలు మొదలై, మధ్యలో ఆగి, మళ్లీ మొదలవుతాయి. ఉదాహరణకు అసలు బీపీ 190 ఉండి, 170కీ 150కీ మధ్య నిశ్శబ్దం ఉందనుకుందాం. అలవాటుగా 160 దాకా కొట్టి వదిలితే మనకు మొదటి శబ్దం 150 దగ్గర వినిపిస్తుంది, నిజం 40 అంకెల పైన ఉండిపోతుంది.

గాలి సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున వదలాలి. పల్స్ 60 ఉన్నవారికి సెకనుకు ఒక్కసారే గుండె కొట్టుకుంటుంది. సెకనుకు 10 చొప్పున ముల్లు పడిపోతుంటే రెండు కొట్టుకోవడాల మధ్యే 10 అంకెలు జారిపోతాయి. దాంతో పై అంకె తగ్గుతుంది, కింది అంకె పెరుగుతుంది. మొదట వినిపించిన శబ్దం పై అంకె, శబ్దం పూర్తిగా ఆగిపోయినది కింది అంకె. రష్యన్ సర్జన్ కొరోట్కోవ్ 1905లో ఈ శబ్దాలను వివరించినప్పటినుంచీ పద్ధతి పెద్దగా మారలేదు. డయల్ మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఉంటాయి కాబట్టి చేత్తో చూసిన బీపీ సరిసంఖ్యతోనే ముగియాలి. 125/85 అని రాసి ఉందంటే అది గీత చూసి రాసింది కాదు.

మిగతావి

పల్స్‌ను చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతో చూడాలి. బొటనవేలికి సొంత నాడి ఉంటుంది, అది అడ్డొస్తుంది. లయ తప్పుతున్నట్టు అనిపిస్తే పూర్తి నిమిషం లెక్కపెట్టి, ఎడమవైపు ఐదో పక్కటెముకల సందులో స్టెతస్కోప్ పెట్టి గుండె చప్పుడు కూడా లెక్కపెట్టాలి. వీలైతే ఇద్దరు కలిసి ఒకే నిమిషంలో, ఒకరు గుండె, ఒకరు మణికట్టు చూడటం మంచిది. రెండింటికీ తేడా వస్తే ఆ తేడా రాయాలి. గుండె మందు డిగాక్సిన్ ఇచ్చే ముందు గుండె దగ్గర నిమిషం లెక్కపెట్టడం తప్పనిసరి. 60 కన్నా తక్కువుంటే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి.

చంకలో థర్మామీటర్ పెట్టే ముందు చెమట తుడవాలి, మొన చర్మానికి తగలాలి, చెయ్యి ఛాతీకి ఆనించి ఉంచాలి. చంక కొలత నోటి కొలతకన్నా దాదాపు ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ తక్కువ చూపిస్తుంది కాబట్టి ఎక్కడ చూశారో రాయాలి. టీ తాగిన వెంటనే నోట్లో పెట్టకూడదు, పావుగంటైనా ఆగాలి.

పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టగానే వచ్చిన అంకె రాసేయకండి. అందులో కనిపించే పల్స్, మీ వేళ్లకు తెలిసిన పల్స్ ఒకటేనా చూడండి. రెండూ కలవకపోతే శాతం కూడా నమ్మలేం. చల్లబడిన వేళ్లు, వణుకు, నెయిల్ పాలిష్, ముదురు నల్ల గోరింటాకు అంకెను చెడగొడతాయి. చర్మం నల్లగా ఉన్నవారిలో అసలు ఉన్నదానికన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ చూపించే ధోరణి ఉంది. పొగలో చిక్కుకుని వచ్చిన మనిషిలో కార్బన్ మోనాక్సైడ్‌ను యంత్రం ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది, 99 చూపించినా ధైర్యపడకూడదు. శాతం రాసిన ప్రతిసారీ ఆక్సిజన్ ఎన్ని లీటర్ల మీద ఉందో పక్కనే రాయాలి. గాలి మీద 95, ఆరు లీటర్ల మీద 95 రెండూ ఒకటి కావు.

స్పృహ విషయంలో "కాన్షస్, ఓరియంటెడ్" అని అలవాటుగా రాసేస్తారు. అడిగి రాయండి: "పెద్దమ్మా, ఇప్పుడు మనం ఎక్కడున్నాం? పొద్దునా, సాయంత్రమా?" నిన్నటిదాకా సరిగ్గా మాట్లాడిన మనిషి ఇవాళ తడబడితే అది వయసు వల్లేనని సరిపెట్టుకోవద్దు. ముందు వేలి రక్తంతో షుగర్ చూడాలి. 70 కన్నా తక్కువుంటే కారణం అదే కావచ్చు. వేలికి పూసిన స్పిరిట్ ఆరాకే గుచ్చాలి. అంతకుముందే పండు తిన్న చెయ్యైతే కడిగించాలి, లేకుంటే వేలికంటిన తీపి షుగర్‌ను ఎక్కువ చూపిస్తుంది. తలకు దెబ్బ తగిలినవారికి స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరు రాసేటప్పుడు 13 అని మొత్తం మాత్రమే కాకుండా కళ్లు 3, మాట 4, కదలిక 6 అని విడివిడిగా రాయాలి. అదే 13 వేరే కలయికలోనూ వస్తుంది, ఏది తగ్గిందో తెలియకపోతే ఆ స్కోరుతో పనిలేదు.

మూత్రం లెక్కలో పెద్ద పొరపాటు ట్యూబు మెలిక. "మూత్రం రావడం లేదు" అని ఫోన్ చేసే ముందు యూరోబ్యాగ్ ట్యూబు పేషెంట్ తొడ కింద నలిగిందేమో, బ్యాగ్ మంచం ఎత్తులోనే ఉందేమో చూడండి. ముందు డ్యూటీలో బ్యాగ్ ఖాళీ చేశారా అన్నది కూడా తెలుసుకోవాలి.

మన వార్డుల్లో వరస మారే రోగాలు

వానాకాలంలో డెంగీ వార్డులో అందరి దృష్టీ ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. బంధువులు రోజుకు మూడుసార్లు అడిగేదీ అదే. అసలు ప్రమాదం మాత్రం జ్వరం దిగేటప్పుడు, అంటే సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వస్తుంది. రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది. టెంపరేచర్ చార్ట్ కిందికి దిగుతోందని అందరూ ఊపిరి పీల్చుకునే సమయానికే పల్స్ ప్రెషర్ ఇరుకవుతుంది. ఆ తేడా 20 లేదా అంతకన్నా తక్కువైతే, అంటే 100/80 ఉన్నా సరే, అది షాకే (అవయవాలకు రక్తం చాలని స్థితి). దాంతోపాటు గోరు ఒత్తి చూడాలి. చేతిని గుండె ఎత్తులో ఉంచి వేలికొనను ఐదు సెకన్లు నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, కొత్తగా మగత ఉంటే తర్వాతి రౌండ్స్ దాకా ఆగకూడదు.

కట్లపాము కాటు, పురుగుల మందు తాగిన కేసుల్లో ఊపిరితిత్తులు బాగానే ఉండి, ఊపిరి పీల్చే కండరాలు బలం కోల్పోతాయి. పురుగుల మందు కేసులో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్‌తో తేరుకున్నాడనుకున్న మనిషి కూడా ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మళ్లీ బలహీనపడవచ్చు. ఎస్‌పీఓ2 పడేదాకా చూస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. రెండు చిన్న పరీక్షలు గంట గంటకూ చేయండి. దిండు మీంచి తల ఎత్తమనాలి. ఒక్క గుక్కలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమనాలి. 26 దాకా చెప్పినవాడు తర్వాత 19 దగ్గర, ఆ తర్వాత 12 దగ్గర ఆగిపోతున్నాడంటే వెంటిలేటర్ సిద్ధం చేయమని చెప్పాల్సిన సమయమది. పాము కాటులో కనురెప్పలు వాలడం అంతకన్నా ముందే కనిపిస్తుంది.

అంకెలను కలిపి చూడటం, చెప్పడం

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్-2 స్కోరు (పేషెంట్ దిగజారడాన్ని ముందే పట్టే లెక్క) మన దేశంలోనూ కొన్ని ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. మీ వార్డులో లేకపోయినా నేర్చుకోవడం మేలు. ప్రతి అంకెకూ 0 నుంచి 3 దాకా మార్కులుంటాయి. శ్వాస 21 నుంచి 24 అయితే 2, 25 లేదా ఎక్కువైతే 3. పల్స్ 91 నుంచి 110కి 1, 111 నుంచి 130కి 2. ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఆ ఒక్కదానికే 2. కొత్తగా తడబాటు వస్తే 3. మొత్తం 5 లేదా ఎక్కువైతే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి, గంటకోసారైనా వైటల్స్ తీయాలి. 7 లేదా ఎక్కువైతే ఎమర్జెన్సీ. ఏ ఒక్కదానికైనా 3 వస్తే మొత్తం ఎంతైనా డాక్టరుకు చెప్పాలి. పదహారేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఇది పనికిరాదు, వాళ్లకు వేరే చార్టులున్నాయి.

మన ఆపరేషన్ పేషెంటుకు టెంపరేచర్, స్పృహ మామూలుగానే ఉన్నాయనుకుని లెక్క కడితే మధ్యాహ్నం 0, నాలుగింటికి 3, ఆరింటికి 6 వస్తాయి. ఆ ఆరులో శ్వాసవి మూడు, పల్స్‌వి రెండు, ఎస్‌పీఓ2ది ఒకటి. బీపీకి వచ్చింది సున్నా.

ఇక ఫోన్. "సార్, 12వ బెడ్ పేషెంట్ బాగోలేదు" అంటే అవతలి డ్యూటీ డాక్టరు "బీపీ ఎంత?" అంటారు, 112 అంటే "సరే, చూస్తూ ఉండండి" అంటారు. దాని బదులు ఇలా చెప్పండి: "సార్, సర్జికల్ వార్డు 12వ బెడ్, పొద్దున పొట్ట ఆపరేషనైన పేషెంట్. నాలుగు గంటల్లో పల్స్ 84 నుంచి 116కి, శ్వాస 16 నుంచి 26కి పెరిగాయి. పల్స్ ప్రెషర్ 48 నుంచి 24కి తగ్గింది. రెండు గంటల్లో మూత్రం 35 ఎంఎల్, చేతులు చల్లగా ఉన్నాయి. లోపల బ్లీడింగ్ ఉందేమోనని అనుమానంగా ఉంది. ఇప్పుడే వచ్చి చూడాలి సార్." విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ ఫోన్ మీరు చేయకపోవచ్చు, స్టాఫ్ నర్స్‌కు చెప్పేది మాత్రం ఇదే వరసలో చెప్పండి.

చెప్పాక ఎన్ని గంటలకు, ఎవరికి, ఏం చెప్పారో, వాళ్లు ఏం ఆర్డర్ ఇచ్చారో నర్సెస్ నోట్స్‌లో అప్పుడే రాయాలి. సెలైన్ వేగం పెంచమంటే పెంచి, 15 నిమిషాలకు మళ్లీ అన్నీ తీయాలి. పల్స్, శ్వాస దిగడం మొదలుకాకపోయినా, డాక్టరు రాకపోయినా, రెండోసారి ఫోన్ చేయాలి. అప్పటికీ రాకపోతే వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ ద్వారా ఆ పై డాక్టరుకు చేయాలి.